హుడీకి ఎగ్జిట్ పర్మిట్

"ప్రైమరీ చదువు పూర్తి కాకముందే పూర్తయినట్టు ఏ విద్యార్థీ కనిపించరాదు."

2022 మే నెల పదిహేనో తేదీ ఆదివారం ఉదయం, దోహాలో అబూ హమూర్ దగ్గరున్న మా స్కూలు అసెంబ్లీలో ఛైర్మన్ గంగాప్రసాద్ గారు ఈ వాక్యాన్ని మైకులో రెండుసార్లు చదివారు. మొదటిసారి పిల్లలకు అర్థం కాలేదు. రెండోసారి టీచర్లకు కూడా అర్థం కాలేదు. అర్థం కాని మాటకు మన వాళ్ళలో గౌరవం ఎక్కువ కాబట్టి అందరూ కదలకుండా నిలబడ్డారు. తర్వాత రెండు దేశాల జాతీయగీతాలూ పాడి ఎవరి క్లాసులకు వాళ్ళు వెళ్ళిపోయారు.

అది సర్క్యులర్ నంబరు పద్నాలుగు. టైపు చేసింది నేను. నా పేరు ఓబులేసు, మాది కడప జిల్లా, ఈ స్కూలు ఆఫీసులో తొమ్మిదేళ్ళుగా క్లర్కుని. గొప్ప ప్రకటనలు చేసినవాళ్ళ పేర్లు మిగులుతాయి గానీ టైపు చేసినవాళ్ళవి మిగలవు. అందుకని పత్రికా ముఖంగా ముందే చెప్పుకుంటున్నాను.

మాది బ్రిటిష్ స్కూలు. టీచర్లది కేరళ, ప్రిన్సిపాల్ తహెరున్నీసా మేడమ్‌ది హైదరాబాద్, పిల్లల్లో సగానికి సగం నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ వాళ్ళు. బ్రిటిష్ అనేది బోర్డు మీద ఉంది. బోర్డు ఒక్కటే ఉంటే బాగుండదని మూడేళ్ళ కింద తల్లిదండ్రులు ఇంగ్లండు నుంచి ఒక ఆచారం కూడా తెప్పించుకున్నారు. మా దగ్గర ఇయర్ సిక్స్‌తో ప్రైమరీ అయిపోతుంది. అది ముగించి పోయే పిల్లలంతా ఒకే రంగు హుడీ తొడుక్కోవాలి. హుడీ అంటే వెనక టోపీ కుట్టి ఉన్న మందపాటి చలి చొక్కా. ఇంగ్లండులో జూన్ నెలలో కూడా చలేస్తుందట. దోహాలో జూన్ నెలలో కారు తలుపు పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. అయినా ఆచారం ఆచారమే కదా అని ఎవరూ మాట్లాడలేదు.

ఈ ఏటి హుడీ మెరూన్ రంగు. వీపు మీద ఇరవై రెండు అని పెద్ద అంకె. ఆ అంకెను గీతలతో వెయ్యలేదు. క్లాసులో ఉన్న నలభై ఎనిమిది మంది పేర్లనూ చిన్న చిన్న అక్షరాల్లో పేర్చి అంకెగా చేశారు. ఎవరి వీపు చూసినా అందరి పేర్లూ ఉంటాయి. ఏషియన్ టౌన్‌లో జెర్సీలు అచ్చు వేసే నిసార్ అహ్మద్ దుకాణంలో చేయించారు. మే రెండో వారంలో అందాయి. అందిన మర్నాడే పిల్లలు తొడుక్కుని వచ్చారు. జూన్ ఇరవై మూడున వేడుక పెట్టుకుంటే మే నెలలోనే తొడిగేశారు. అక్కడ వచ్చింది చిక్కు.

గంగాప్రసాద్ గారి గురించి నాలుగు మాటలు చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఆయనది మెట్‌పల్లి దిక్కు. పాతికేళ్ళ కింద కూలీల క్యాంపులో మంచాలు లెక్కపెట్టే పనికి వచ్చి, స్వశక్తితో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో అడ్మిన్ మేనేజర్ అయ్యారు. అప్పట్లో ఇక్కడ పనిచేసేవాడు ఊరికి పోవాలంటే కంపెనీ ఎగ్జిట్ పర్మిట్ ఇవ్వాలి. ఆ కాగితం మీద సంతకం ఇరవై ఒక్క ఏళ్ళు గంగాప్రసాద్ గారిదే. తండ్రి పోయినా, చెల్లెలి పెళ్ళయినా ముందు ఆయన పెన్ను కదలాలి. ఆయన పెన్ను తొందరపడేది కాదు. ఇంతలో ప్రభుత్వం ఆ చట్టం తీసేసింది. కూలి చేసేవాడు కూడా తన టికెట్ తను కొనుక్కుని ఎవరికీ చెప్పకుండా విమానం ఎక్కుతున్నాడు. ఆనాటి నుంచి సారు అన్నం కలుపుతూ కూడా చూపుడువేలుతో కంచంలో సంతకం చేస్తున్నారని వాళ్ళింట్లో బాధపడతారు. మనసు మళ్ళించుకోవడానికి స్కూలు బోర్డుకు ఛైర్మన్ అయ్యారు. పైగా మన వైపు ఒక పార్టీకి గల్ఫ్ విభాగం కన్వీనర్ పదవి ఖాళీగా ఉంది. ఇలాంటి సమయంలో నలభై ఎనిమిది మంది పసివాళ్ళు ఎవరి సంతకమూ లేకుండా పూర్తయిపోయి తిరుగుతూ కనిపిస్తే ఆ మనిషి ఎంత నలిగిపోయి ఉంటాడో పాఠకులే ఆలోచించాలి.

తహెరున్నీసా మేడమ్ ఆలోచించలేదు. అసెంబ్లీ అయిన వెంటనే ఆయన గదికి వచ్చారు.

"గంగాప్రసాద్ సాబ్, పిల్లలు. సంతోషంతోని వేసుకున్నరు. ఏం పోతది?"

"మేడమ్, ఇయ్యాల హుడీ. రేపు సర్టిఫికెట్ లేకుండనే డాక్టర్ కోటు ఏసుకుంటరు. మా క్యాంప్‌ల చూసిన. ఒక్కడు బ్యాగు సర్దినట్టు కనవడితే చాలు, పక్క మంచమోడు గూడ సర్దుడు వెడతడు."

"ఇది క్యాంప్ కాదు సాబ్."

"అందుకే మేడమ్ ఇంత ఖరాబైంది," అన్నారు ఆయన ఎంతో సౌమ్యంగా.

సోమవారం ముగ్గురు పిల్లలు హుడీని తిరగేసి తొడుక్కొచ్చారు. పేర్లూ అంకే లోపలికి పోయాయి. సర్క్యులర్ నంబరు పదిహేను: తిరగేసి తొడిగినా తొడిగినట్టే. మంగళవారం పదిమంది నడుముకు కట్టుకున్నారు. పదహారు: నడుముకు కట్టడం తొడగడం కాదు, తొడగాలనే ఉద్దేశం, ఉద్దేశం కూడా నిషిద్ధం. బుధవారం ఒక పిల్లవాడు క్లాసులో ఏసీకి చలేస్తోందని డాక్టరు చీటీ తెచ్చాడు. దాని మీద బోర్డు రెండు గంటలు కూర్చుంది. హుడీ ఇవ్వకుండా చలి పోగొట్టే మార్గం ఏమిటని నలుగురూ తలలు పట్టుకున్నారు. చివరికి ఏసీలు ఆపేయాలని గంగాప్రసాద్ గారే చెప్పారు. ఆ పూట స్కూలు మొత్తానికి చెమటలు పోశాయి, చలి మాత్రం ఎవరికీ వెయ్యలేదు. చీటీ తెచ్చిన పిల్లవాడి తండ్రికి సమస్య పరిష్కరించినట్టు ఉత్తరం వెళ్ళింది.

గురువారం పదిహేడో సర్క్యులర్ ప్రకారం హుడీలన్నీ స్వాధీనం చేసుకుని స్టోర్ గదిలో పెట్టాం. నాకు హుడీ కస్టోడియన్ అనే అదనపు హోదా వచ్చింది. హోదాతో పాటు ఒక తాళం చెవి కూడా ఇచ్చారు.

ఆ మర్నాడు సెలవైనా సారు ఇంట్లో ఊరికే కూర్చోలేదు. కంపెనీ పాత బీరువాలోంచి ఒక ఫారాల కట్ట తీసి, దుమ్ము దులిపి, ఆదివారం నా బల్ల మీద పెట్టారు. ఎగ్జిట్ పర్మిట్ ఫారాలు. కొన్ని పసుపు రంగుకు తిరిగినా అచ్చు చెక్కుచెదరలేదు.

"ఓబులేసూ, పైన కార్మికుడు అని ఉన్న కాడ కొట్టేసి విద్యార్థి అని రాయి. ప్రైమరీ పూర్తయింది, హుడీకి అర్హత ఉన్నది అని ఒక లైను పెట్టు. మిగిలింది ఏం ముట్టకు."

"సార్, కింద క్యాంపు రూము నంబరు అని ఉండాది."

"ఉండనీ. ఖాళీ వెట్టుకుంటరు."

"ఊరికి పోవు కారణం అని గూడా ఉంది సార్."

"అది మాత్రం నింపాలె," అన్నారు.

తొమ్మిది సంతకాలు కావాలి. క్లాస్ టీచరు, లైబ్రరీ, ల్యాబు, క్యాంటీన్, ఆటలు, నర్సు, బస్సు ఇన్‌ఛార్జి, ప్రిన్సిపాల్, చివర ఛైర్మన్. ఒక్కటి తక్కువైనా హుడీ బయటికి రాదు. పైగా పద్దెనిమిదో సర్క్యులర్‌లో, పూర్తి కాకముందు సంతకాలు మొదలుపెట్టడం కూడా పూర్తయినట్టు కనిపించడమే కాబట్టి జూన్ ఇరవై ఒకటిన చివరి క్లాసు అయ్యాకే ఫారాలు ఇవ్వాలని రాశారు. ఇంత పకడ్బందీగా ఆలోచించే బుర్రను దోహాలో నేనింకోటి చూడలేదు.

జూన్ పన్నెండున జలంధర్ వచ్చాడు. ధర్మపురి పక్క పల్లె అతనిది. స్టేడియంలో ప్రేక్షకుల కుర్చీలు బిగించే ముఠాకు సూపర్‌వైజర్. ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి, ఎండకు మెడ వెనక తోలు అట్టకట్టి ఉంటుంది. అతని కూతురు రాణి ఇయర్ సిక్స్‌లో ఉంది. ఆరేళ్ళూ ఒక్కరోజు బడి మానని పిల్ల. రిజిస్టరు రాసేది నేనే కాబట్టి నాకు తెలుసు.

ఛైర్మన్ గారు అతన్ని కూర్చోబెట్టి సులేమానీ చాయ్ తెప్పించారు. తన ముందు నిలబడాల్సిన మనిషిని కూర్చోబెట్టడం ఆయన గొప్పతనం.

"సార్, మా కంపెనీ పని ఖతమైంది," అన్నాడు జలంధర్. "పదారు తారీఖు టికెట్ చేతుల వెట్టిండ్రు. నా వీసా పోతే ఇంటిది, పిల్లది గూడ పోతది. పిల్ల పరీచ్చలన్నీ రాసింది. అన్నిట్ల పాసు. పోయేముందుగాల ఆ హుడీ ఒక్క దినం తొడుక్కొని దోస్తులతోని ఫోటో దిగుతనంటాంది. గంతే సార్."

"టీసీ ఇస్తం జలంధర్. ప్రైమరీ పూర్తి చేసిందని రాసి, ముద్ర కొట్టి ఇస్తం. అందుల అనుమానం వెట్టుకోకు."

"మరి హుడీ సార్?"

"టీసీ మీ ఊరోళ్ళు చూస్తరు. హుడీ ఈడి పిల్లలు చూస్తరు. పూర్తయిందని కాయిదం మీద ఉండుడు వేరు, పూర్తయినట్టు కనవడుడు వేరు."

జలంధర్ కాసేపు గ్లాసులోకి చూశాడు.

"ఒక్క వారమే గద సార్ తక్కువ."

"వారమే గదా. ఆగి పో మరి."

"ఆగనియ్యరు సార్. కంపెనీ ఇచ్చిన ఇల్లు ఖాళీ చేయిస్తున్నరు." అతను గ్లాసు కింద పెట్టాడు. "సార్, మేం నలబై వేల కుర్చీలు బిగించినం. ఒక్కటి బిగించినంక ఊగుతదా లేదా అని కూసోని చూడాలె. ఆట మొదలుగాక ముందే ఆ స్టేడియంల ప్రతి కుర్చీల నేను కూసున్న. ఎవ్వరు తప్పనలే."

ఛైర్మన్ గారు కదిలిపోయారు. లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశారు.

"అది డ్యూటీ జలంధర్," అన్నారు.

తలుపు దగ్గర నిలబడి వింటున్న తహెరున్నీసా మేడమ్ ఉండబట్టలేక లోపలికి వచ్చారు. వేడుకనే వారం ముందుకు జరిపితే పోలా అన్నారు. సాధ్యం కాదని సారు విచారంగా తల అడ్డంగా ఊపారు. ముఖ్య అతిథిగా రావలసింది ఆ పార్టీ నాయకుడు. వరల్డ్ కప్ ఏర్పాట్లు పరిశీలించి, మన మండల స్థాయి కబడ్డీ పోటీలకు పనికొచ్చేవి నేర్చుకుని వెళ్ళడానికి వస్తున్నారు. ఆయన దిగేది ఇరవై మూడునే. నాయకుడి తేదీని కుర్చీలు బిగించే మనిషి కోసం మార్చడం ప్రజాస్వామ్యంలో ఎక్కడా లేదు.

అయితే టీసీ ఇవ్వాలన్నా క్లియరెన్స్ ఉండాలి. క్లియరెన్స్‌కు మా దగ్గర పాత ఫారాలన్నీ తీసేసి ఈ కొత్త ఫారమే పెట్టాం. కాబట్టి రాణి పేర అదే నింపాను. ఊరికి పోవు కారణం: పని పూర్తయినందున. టీసీ విషయం కనుక పద్దెనిమిదో సర్క్యులర్ దీనికి వర్తించదని సారు పెద్దమనసుతో సెలవిచ్చారు. మూడు రోజుల్లో జలంధర్ ఎనిమిది గదులు తిరిగి ఎనిమిది సంతకాలు పట్టుకొచ్చాడు. తొమ్మిదోది చేసేటప్పుడు ఛైర్మన్ గారిని చూసి తీరాలి. ఊరికి పోయేవాళ్ళ కాగితం ఆయన చేతికి వచ్చి ఎన్నాళ్ళయిందో. పెన్ను మూత తీసి, ఒక్క క్షణం ఆగి, కళ్ళు మూసుకుని చేశారు. పైన ఏముందో చదవలేదు. అంత ఆనందంలో ఎవరు మాత్రం చదువుతారు. తొమ్మిదీ పూర్తయినట్టు నేను కంప్యూటర్‌లో ఎక్కించాను.

బుధవారం రాణికి స్కూల్లో ఆఖరి రోజు. ఇంటర్వెల్‌లో స్టోర్ దగ్గరికి వచ్చింది. పదేళ్ళ పిల్ల, రెండు జడలు, తండ్రి పోలికే.

"అంకుల్, నాది ఎన్నో నంబరు?"

"ముప్పై ఒకటి."

"చూపెడుతవా?"

చూపించకూడదని సర్క్యులర్‌లో లేదు. తీసి బల్ల మీద పరిచాను. ఆ పిల్ల చేత్తో ముట్టుకోకుండా వంగి పేర్లు చదవడం మొదలుపెట్టింది. నలభై ఎనిమిదీ చదివింది. మొదటి రెండు అంకె వంపు దగ్గర తన పేరు దొరికితే నవ్వింది.

"మెహ్విష్ పక్కకే ఉన్న," అంది. మెహ్విష్ ఆమె బెంచీలో కూర్చునే స్నేహితురాలు. ఆ తర్వాత అడిగింది. "తొడుక్కోనా అంకుల్? ఈ రూంలనే. బయటికి పోను."

"సర్క్యులర్ ఉంది తల్లీ," అన్నాను.

పిల్ల చొక్కాను చేతులు లోపలికి మడిచి, టోపీ సరిచేసి, నా చేతికిచ్చి వెళ్ళిపోయింది. నాకు సిగ్గేసింది. ఆ గదిలో నేనూ ఆ పిల్లా తప్ప ఎవరూ లేరు, కెమెరా కూడా లేదు. కానీ నా వీసా స్కూలు మీద ఉంది, ఇంకో తొమ్మిదేళ్ళు ఉండాలని నా కోరిక. పాఠకులు నన్ను ఏమైనా అనుకోవచ్చు, నేను కూడా ఆ రోజు అదే అనుకున్నాను.

గురువారం వాళ్ళు ముగ్గురూ విమానం ఎక్కారు. ఆదివారం పొద్దున్నే ఛైర్మన్ గారు స్టోర్‌కు వచ్చి ఒక హుడీ వీపు పరీక్షగా చూశారు.

"ఓబులేసూ, ఈ రాణి ఎవ్వరు?"

"జలంధర్ కూతురు సార్. పోయిన వారం పాయ కదా."

"పోయిన మనిషి పేరు రోల్‌ల ఉండొచ్చునా? మా క్యాంప్‌ల అయితే అది అబ్‌స్కాండింగ్ కేసు, పారిపోయినట్టు లెక్క. వేడుక పూర్తి చెయ్యని పిల్ల పేరు పూర్తి చేసినోళ్ళ వీపుల మీద ఎట్లుంటది?"

నలభై ఏడు హుడీలూ మూట కట్టుకుని ఏషియన్ టౌన్ వెళ్ళాను. ముప్పై ఒకటో నంబరుది వదిలెయ్యమన్నారు, తొడిగే మనిషి లేదు కాబట్టి అది హుడీ కాదు, స్టాకు. నిసార్ అహ్మద్ దుకాణం నిండా ముప్ఫై రెండు దేశాల జెండాలు వేలాడుతున్నాయి. అతను నిజామాబాద్ మనిషి. నేను చెప్పింది విని కత్తెర పక్కన పెట్టాడు.

"భాయ్, అచ్చేసింది ఎట్ల తీస్తరు? గీకితే బట్ట చినుగుతది. పైనుంచి ఏమన్న అతికియ్యాలె."

"ఏదో ఒకటి అతికీ."

"నా దగ్గర ఫుట్‌బాల్ బొమ్మలున్నయ్. వరల్డ్ కప్ సాల్ గదా, మంచిగుంటది." ఒకటి తీసి పెట్టి చూశాడు. సరిగ్గా ఆ పేరు మీద సరిపోయింది. "ఏం జేసింది ఆ బచ్చీ?"

"ఏమీ చెయ్యలేదు. వాళ్ళ నాయన స్టేడియం కట్టినాడు."

అతను నలభై ఏడు ఫుట్‌బాల్ బొమ్మలు ఇస్త్రీ పెట్టెతో అతికించాడు. ఛైర్మన్ గారు చూసి ముచ్చటపడ్డారు. సందర్భశుద్ధి అంటే ఇదీ అన్నారు.

ఇరవై ఒకటిన చివరి క్లాసు అయ్యింది. ఇరవై రెండున నలభై ఏడు మందికీ ఫారాలిచ్చాం. పిల్లలు వరండాల్లో క్యూలు కట్టారు. లైబ్రరీలో సంతకం, ల్యాబులో సంతకం, క్యాంటీన్‌లో సంతకం, అన్నీ సాఫీగా సాగాయి. బస్సు ఇన్‌ఛార్జి జహాంగీర్ గది దగ్గర మాత్రం క్యూ ఆగింది. ఆ గదికి తాళం వేసి ఉంది. బస్సుల కాంట్రాక్టరు తన బస్సులన్నింటినీ వరల్డ్ కప్ ట్రయల్‌కు పంపించాడు. ప్రేక్షకులు లేకుండా ప్రేక్షకులను తీసుకెళ్ళడం సాధన చేస్తున్నారట. వాటితో పాటు జహాంగీర్ కూడా రెండు రోజుల ముందే వెళ్ళిపోయాడు. ముద్ర అతని జేబులోనే ఉంది. పిల్లలు అప్పటికే తల్లిదండ్రుల కార్లలో వస్తున్నారు.

వెళ్ళి సారుకు చెప్పాను.

"బస్సు సంతకం లేకుండ ఎట్ల ఇస్తం?"

"బస్సులే లేవు కద సార్."

"బస్సు లేకపోవచ్చు. సంతకం ఉండాలె."

"మరి రేపు వేడుక సార్."

ఆయన గోడ వైపు తిరిగి ఆలోచించారు. ఇరవై ఒక్క ఏళ్ళలో ఒక్క సంతకం తక్కువైన మనిషిని విమానం ఎక్కనివ్వని చరిత్ర ఆయనది. ఒక వేడుక కోసం దాన్ని చెరుపుకుంటారా.

"జహాంగీర్ కొందరికన్న చేసే ఉంటడు. తొమ్మిది సంతకాలు పూర్తిగున్నోళ్ళ పేర్లు కంప్యూటర్‌ల తీసి కవర్ల వెట్టు. రేపు స్టేజీ మీద నేను చదువుత. లేనోళ్ళు తర్వాత తీసుకుంటరు."

"అట్లనే సార్," అన్నాను.

చెప్పినట్టే చేశాను. కంప్యూటర్ ఇచ్చింది ఇచ్చినట్టే మడిచి పెద్ద కవర్లో పెట్టి, సీలు వేశాను. ఫారాలు ఇచ్చేసరికే జహాంగీర్ లేడని ఆయన అడిగితే చెప్పేవాణ్ణే. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఇరవై మూడున హాలు నిండిపోయింది. ముందు వరుసల్లో నలభై ఏడు మంది తెల్లచొక్కాల్లో కూర్చున్నారు. గౌరవనీయ నాయకుడు గారు తెల్ల చొక్కా, మెడలో పార్టీ కండువాతో వచ్చి నలభై నిమిషాలు మాట్లాడారు.

"దుబాయ్ గడ్డ మీద మన పిల్లలను చూస్తుంటే నా కడుపు నిండింది. ఈ దుబాయ్‌ల వరల్డ్ కప్ జరుగుతుందంటే దాని ఎనుక మన తెలంగాణ చెమట ఉన్నది. ఆ చెమట ఒక్క సుక్క గూడ వృథా పోనియ్యం."

ఇది దుబాయ్ కాదని చెప్పడానికి ఎవరూ సాహసించలేదు. తర్వాత ఛైర్మన్ గారు మైకు ముందుకు వచ్చి, అందరూ చూస్తుండగా సీలు చింపి, కవర్లోంచి కాగితం తీశారు. నేను జాబితా ప్రకారం స్టోర్‌లోంచి తెచ్చిన హుడీని పళ్ళెంలో పెట్టి నాయకుడు గారికి అందించాను. ఆయన దాన్ని విప్పి రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, ఫోటోగ్రాఫర్ వైపు చూస్తూ నిలబడ్డారు.

"అన్ని నియమాలు పాటించి, తొమ్మిది సంతకాలు పొంది, ఈ హుడీ తొడుక్కునే సంపూర్ణ అర్హత సంపాదించిన విద్యార్థులను ఇప్పుడు పిలుస్తున్న. మొదటి పేరు... రాణి. తండ్రి జలంధర్."

ఎవరూ రాలేదు. ఆయన రెండో పేరు కోసం కాగితం కిందికి చూశారు. తిప్పి వెనక చూశారు. కవర్లోకి చెయ్యి పెట్టి వెతికారు. ఆ తర్వాత నా వైపు చూశారు. నేను వినయంగా నేల వైపు చూశాను.

"రాణి," అని మళ్ళీ పిలిచారు. ఈసారి గొంతు కొంచెం తగ్గింది.

రెండో వరుసలో మెహ్విష్ లేచి నిలబడి చప్పట్లు మొదలుపెట్టింది. పక్కవాళ్ళు లేచారు. నలభై ఏడు మందీ లేచారు. చప్పట్లు తనకే అనుకుని నాయకుడు గారు హుడీని చంకలో పెట్టుకుని నాలుగు దిక్కులా నమస్కారాలు పెట్టారు. గోడ పక్కన కుర్చీలో తహెరున్నీసా మేడమ్ చున్నీ కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

"ఏదయ్యా పిల్ల?" అని నాయకుడు గారు ఛైర్మన్ గారిని చెవిలో అడిగారు. మైకు దగ్గరే ఉండటం వల్ల హాలంతా వినపడింది.

"ఊరికి పోయింది సార్."

"ఎందుకు?"

"స్టేడియం పూర్తయింది సార్."

"మంచిగైంది," అన్నారు నాయకుడు గారు.

హుడీకి చెరో చెయ్యీ పట్టుకుని ఇద్దరూ ఫోటో దిగారు. వారం తిరగకుండా అది మన పత్రికల్లో రంగుల్లో వచ్చింది. 'దుబాయ్‌లో ప్రవాసీ విద్యార్థులకు హుడీల పంపిణీ' అని పైన రాశారు. గంగాప్రసాద్ గారికి కన్వీనర్ పదవి వచ్చింది, దానికి ఎవరి సంతకమూ అవసరం లేకపోయింది. నలభై ఏడు హుడీలు స్టోర్‌లో క్షేమంగా ఉన్నాయి. వరల్డ్ కప్ అయ్యాక జహాంగీర్ వచ్చి ముద్ర కొడతాడు. అప్పటికి అవి పిల్లలకు పట్టకపోవచ్చు, కానీ అర్హత ఎక్కడికీ పోదు.

మొన్న జలంధర్ ఫోన్ చేశాడు.

"అన్నా, పేపర్ల చూసినం. సార్లిద్దరు వట్టుకున్నది మా పిల్లదే అంటాంది. పేరు కనవడుతుందట. జెర మాట్లాడు, పొద్దటి సంది పానం తీస్తాంది."

రాణి ఫోన్ తీసుకుంది.

"అంకుల్, నన్ను నిజంగనే పిలిచిండ్రా?"

"పిలిచినారు తల్లీ. మైకులో పిలిచినారు. రెండుసార్లు."

"ఎవ్వరన్న చప్పట్లు కొట్టిండ్రా?"

"మీ క్లాసంతా కొట్టింది. లేచి నిలబడి కొట్టినారు."



"ఎంతసేపు?"

"ఛైర్మన్ సార్ ఆపమనేంత వరకు," అన్నాను.

నిజానికి ఆయన మూడుసార్లు ఆపమన్నారు.